తొమ్మిది మూరల దగ్గర ఆగిన బస్సు

ఇది కథ కాదు. ముందే చెబుతున్నాను. నలభై ఏళ్ళు పానా పట్టిన చేయి ఇది... ఈ చేతి మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కల్పించినా ఈ చేయి మళ్ళీ నట్టు తిప్పకుండా పోవాలి. మీలో ఎవరికైనా నవ్వొస్తే ఇప్పుడే నవ్వేసి కూర్చోండి. మధ్యలో నవ్వితే లేచి వెళ్ళిపోతాను. నా సంగతి మీకు తెలుసుగా.

అవి యుద్ధం రోజులు. నరసరావుపేటలో ఒక బస్సుల షెడ్డులో ఫిట్టరుగా పనిచేసేవాణ్ణి. మాచర్లకు రెండు, గురజాలకు రెండు, మొత్తం నాలుగు బస్సులు. నాలుగూ బొగ్గు బస్సులే. పెట్రోలంతా మిలటరీకి పోయేది, మాకు బొగ్గు మిగిలింది. బస్సు వెనక మనిషంత డ్రమ్ము బిగించి, అందులో బొగ్గులు మండించి, ఆ గ్యాసుతో ఇంజను నడిపేవాళ్ళం. కాస్త ఎత్తు వస్తే చాలు, ప్యాసింజర్లు దిగి తోయాల్సిందే. ఆ డ్రమ్మంటే మాకు ఒళ్ళుమంట. రోజూ మసి, రోజూ బూడిద, రోజూ వేళ్ళకు బొబ్బలు. అది బస్సులో భాగమని మేమెప్పుడూ అనుకోలేదు. యుద్ధం అయిపోగానే పీకి పారేసే వస్తువు, అంతే. నా తప్పంతా అక్కడే ఉంది.

షెడ్డు ముందున్న ఖాళీ స్థలంలోనే రాత్రిళ్ళు బస్సులు నిలిపేవాళ్ళం. నేల గోడవైపుకి వాలుగా ఉండేది. ఆ గోడ వారగా మూడు మూరల వెడల్పున రేకుల పంచ. ఆ పంచ కింద మా ఆపా టీ కాచేది. ఆపా అంటే అక్క. పేరు ఖాసింబీ. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ పొయ్యి మీదే సాకింది. ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడుకున్నా షెడ్డులో అందరి మధ్యా తెలుగే.

చేతి బ్రేకులు అరిగిపోయాయి. కొత్తవి కావాలంటే ఎక్కడా దొరకవు. డ్రైవరు బస్సును వెనక్కి పెట్టగానే క్లీనరు దిగి చక్రం కింద ఏ రాయో రప్పో తోసేవాడు. ఒకరోజు తెల్లవారుజామున ఆ రాయి జారింది. మాచర్ల బస్సు మెల్లగా... చప్పుడు లేకుండా... వెనక్కి దొర్లింది. పంచ స్తంభం విరిగింది. పొయ్యి పచ్చడైంది. ఆపా అప్పుడే బిందె తీసుకుని బావి దగ్గరకు వెళ్ళింది. అల్లా దయ, అంతకంటే ఏం చెప్పను.

బస్సుల కామందు గారు వచ్చి చూశారు. బస్సుకు ఏమీ కాలేదని ముందు చూసుకుని, తర్వాత మా ఆపా వైపు తిరిగారు.

"ఈ పంచ తీసేయిస్తానమ్మా. నీ మీదకు బస్సెక్కితే నేను కోర్టుల చుట్టూ తిరగలేను."

"తీసేస్తే నేనేడకి పోవాలయ్యా" అంది ఆపా. "బస్సు దిగినోళ్ళు ఈడికొస్తారు గానీ నా ఇంటికొస్తారా టీ తాగటానికి?"

 నా నోరు ఆగలేదు.

"రాళ్ళు పాతుదాం అయ్యగారూ. ఒక్కో బస్సుకు రెండేసి. వెనక చక్రాలు రాయికి ఆనుకుని ఆగిపోతాయి. బ్రేకు ఉన్నా లేకపోయినా ఇంక కదలదు. శుక్రవారానికల్లా చేసి చూపిస్తా. ఆపా ఆ రోజు ఆ పొయ్యి ముందే కూర్చుని మీకు టీ కలుపుతుంది. నాలుగు బస్సులూ మీ కళ్ళముందే వెనక్కి పెట్టిస్తా. ఒక్కటి రాళ్ళ గీత దాటినా పంచ మీరు తీయక్కర్లేదు, నేనే పీకుతా."

ఆయన ఒప్పుకున్నారు. ఆపా నావైపు అదోలా చూసింది. "నన్ను కూర్చోబెట్టి పందెం కాశావేందిరా" అంది. నేను నవ్వాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ వయసులో మనిషికి తన లెక్క తప్పుతుందని తోచదు.

రాళ్ళపని వెంకయ్యది. మా షెడ్డు వెనకే గుడిసె. నన్ను అల్లుడా అనేవాడు, నేను మామా అనేవాణ్ణి. ముందు నేను తాటిమొద్దులు వేద్దామన్నాను. చెద పట్టి ఏడాదికే పిండైపోతాయన్నాడు. పోనీ నాపరాతి పలకలు నిలబెడదామన్నాను.

"నాపరాయి కంచెకు పనికొస్తది గానీ బస్సుకు నిలబడదు అల్లుడా. దెబ్బ పడితే పొరలు పొరలుగా లేస్తది. నల్లరాయి తెస్తా."

తెచ్చాడు. ఎడ్లబండి మీద పది రాళ్ళు. ఒక్కోదాన్నీ సుత్తితో తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. ఖంగుమన్నది ఉంచాడు. మొద్దుగా పలికిన రెండిటిని పక్కకు దొర్లించాడు, లోపల పగులుందని. మిగిలిన ఎనిమిదింటికీ పైఅంచు గుండ్రంగా చెక్కాడు. పదునుగా ఉంటే టైరు కోసుకుపోతుంది, ఆ రోజుల్లో టైరు పోతే బస్సు మూలపడ్డట్టే. నేల మీదికి జానెడు మాత్రమే కనబడాలి, అంతకు మించితే బస్సు కింది గొట్టాలకు తగులుతుంది. మిగతాదంతా భూమిలోకి. రెండు రాళ్ళ మధ్య నీళ్ళు పోయేందుకు సందు వదిలాం. ఇవన్నీ మేమిద్దరం పట్టుపట్టి ఆలోచించాం. ఎంత ఆలోచించామో... ఒక్కటి తప్ప.

గోడకు ఎంత దూరంలో పాతాలి? దానికి బస్సును కొలవాలి. పగలు బస్సులన్నీ రోడ్డు మీదుంటాయి. షెడ్డులో ఒక్కటే ఉంది, ఇంజను విప్పి నిలబెట్టిన గురజాల బస్సు. వెనక చక్రం నుంచి బస్సు తోక దాకా కొలిచాను. మూడు మూరలు. పంచకు మూడు మూరలు. మధ్యలో ఖాళీకి ఒక మూర. వెరసి ఏడు. గోడ నుంచి ఏడు మూరల దగ్గర తాడు కట్టాం. బుధవారం పొద్దుగూకే లోపల ఎనిమిది రాళ్ళూ దిగాయి. చుట్టూ కంకర కూరి, సున్నం పోసి గట్టిగా దిమ్మిస చేశాం. రెండు రోజులు ఆరితే ఇంక ఆ రాళ్ళను బద్దలు కొట్టాల్సిందే గానీ పెకలించలేరని వెంకయ్య అన్నాడు. సున్నం ఆరేదాకా బస్సుల్ని బయట రోడ్డు వారనే నిలపమని డ్రైవర్లకు చెప్పాను. వెంకయ్య గుడిసెకు పోయాడు. ఆపా పిల్లల దగ్గరకు పోయింది. గేటుకు గొలుసు వేసి, లాంతరు పెట్టుకుని, షెడ్డు గుమ్మంలో నేనొక్కణ్ణే కాపలా కూర్చున్నాను. పచ్చి సున్నాన్ని ఏ పశువైనా తొక్కుతుందని భయం.

రాత్రి ఎనిమిది దాటింది. చంద్రుడు లేడు. గాలి లేదు. రొట్టె తిని చేతులు కడుక్కున్నాను. నిద్ర రాలేదు, కునుకు కూడా పడలేదు. ఈ మాట మళ్ళీ చెబుతున్నాను... నేను మేలుకునే ఉన్నాను.

అప్పుడు వినబడింది.

కర్... కర్... కర్...

కంకర మీద టైరు నడిచే చప్పుడు. రోజూ వినే చప్పుడే. బస్సు మెల్లగా వెనక్కి వస్తుంటే ఎట్లా ఉంటుందో సరిగ్గా అట్లాగే. బస్సులు తొందరగా వచ్చేశాయనుకున్నాను. చెప్పినా వినకుండా లోపలికి తెస్తున్నారని కోపమొచ్చింది. "ఒరేయ్, ఎవర్రా అది, పెట్టొద్దన్నానా" అని అరిచాను.

చప్పుడు ఆగలేదు.

కర్... కర్...

లాంతరు ఎత్తాను. ఏమీ లేదు. నా ఎదురుగా ఖాళీ నేల. అవతల గేటు. గేటుకు నేను వేసిన గొలుసు వేసినట్టే ఉంది. అప్పుడు తెలిసింది... ఇంజను చప్పుడు లేదు. బొగ్గు బస్సు ఇంజను దగ్గుతూ, ఉబ్బసం మనిషిలాగా ఆయాసపడుతూ వస్తుంది. ఫర్లాంగు దూరం నుంచి వినబడుతుంది. ఇక్కడ టైర్ల చప్పుడు ఒక్కటే. దగ్గరకొస్తోంది. నా ముందు నుంచి గోడవైపుకి పోతోంది.

తర్వాత గొంతు.

"రానియ్యి... రానియ్యి..."

వెనకనుంచి దారి చూపించే క్లీనరు గొంతు. తొందర లేదు. విసుగు లేదు. పని తెలిసినవాడి గొంతు.

"రానియ్యి... రానియ్యి... ఇగ చాల్."

రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు. టప్... టప్.

చప్పుడు ఆగిపోయింది.

  నాకు తెలిసిన దువాలు, ప్రార్థనలన్నీ మరిచిపోయాను, ఒక్కటీ నోటికి రాలేదు. మా క్లీనర్లలో అట్లా మాట్లాడేవాడు లేడు. ఆ మాట కృష్ణ అవతలి మాట, నైజాంవైపు మాట. మావాళ్ళు రానీ రానీ అని, ఆపాలంటే హోల్డాన్ అంటారు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి నన్ను కదిలించింది ధైర్యం కాదు, ఉడుకుమోతుతనం. ఎవరో నా పచ్చి సున్నం పాడుచేశారన్న కోపం. లాంతరు పట్టుకుని ఒక్కో అడుగూ వేశాను.

నేల మీద టైరు జాడ ఉంది.

ఉంది. నా కళ్ళతో చూశాను. గేటు దగ్గర మొదలై, వంపు తిరిగి, మూడో జత రాళ్ళ వైపుకి వచ్చింది. రాళ్ళను మాత్రం తాకలేదు. వాటికి రెండు మూరల ముందే ఆగిపోయింది. రెండు చక్రాల జాడలూ గీత గీసినట్టు ఒకే వరుసలో ఆగాయి. తిరిగి బయటికి పోయిన జాడ లేదు.

వంగి చూశాను.  ఆ జాడలో గళ్ళు ఉన్నాయి... లోతుగా, స్పష్టంగా, అప్పుడే విప్పిన కొత్త టైరు గళ్ళు. మా బస్సుల టైర్లు బోడిగుండ్లు. యుద్ధం మొదలయ్యాక కొత్త టైరు మొహం చూడలేదు మేము.

జాడ ఆగిన చోటు నుంచి గోడవైపుకి నడిచాను. ఒకటి... రెండు... మూడు మూరలు. అక్కడ చెయ్యి చాపాను. ఎందుకు చాపానో అడగకండి.

సెగ.

ఏమీ లేని చోట... ఖాళీ గాలిలో... నా ఛాతీ ఎత్తున సెగ. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. బొగ్గు వాసన. పక్కకు జరిగితే చల్లగా ఉంది. మళ్ళీ ఇటు జరిగితే సెగ. మనిషంత ఎత్తు, చేతుల్తో చుట్టేంత వెడల్పు. అటు మూరన్నర దాకా ఉంది. ఆ తర్వాత లేదు.

మూరన్నర.

అప్పుడు నా బుర్రలో దెబ్బపడ్డట్టయింది. డ్రమ్ము. నేను కొలిచిన గురజాల బస్సుకు డ్రమ్ము లేదు. బూడిద దులపడానికి పొద్దున నేనే నట్లు విప్పి, దింపి, షెడ్డు మూలన పెట్టాను. ఈ చేతుల్తోనే. బస్సు తోక నుంచి మూరన్నర బయటికి ఉంటుందది. ఏడు మూరల దగ్గర చక్రం ఆగితే నిప్పుల డ్రమ్ము పంచలోకి అరమూర దూరుతుంది. సరిగ్గా ఆపా స్తంభానికి వీపు ఆనించి కూర్చునే చోటుకి. శుక్రవారం... నేనే కూర్చోమన్నాను. నేనే.

ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, అక్కడే ఏడ్చాను. భయంతో కాదు. భయం అప్పటికే పోయింది.

పరుగెత్తుకుంటూ వెళ్ళి వెంకయ్యను లేపాను.

"మామా, రాళ్ళు పీకాలి. ఇప్పుడే."

"నీకేమన్నా మతి పోయిందా అల్లుడా? పొద్దున్నించీ దిమ్మిస చేసి చేతులు పడిపోయినాయి."

"డ్రమ్ము మర్చిపోయాను మామా."

వెంకయ్య ఒక్క క్షణం నన్ను చూశాడు. గునపం అందుకున్నాడు. వాళ్ళావిడ కూడా పలుగు తీసుకుని మా వెనకే వచ్చింది. నేను దేన్ని విన్నానో, దేన్ని ముట్టుకున్నానో వాళ్ళకు చెప్పలేదు. కానీ లాంతరు వెలుగులో మూడో జత దగ్గరకు వచ్చేసరికి వెంకయ్యే ఆగాడు. నేల వైపు చూశాడు.

"ఇది కొత్త టైరు జాడేగా. ఈ ఊళ్ళో కొత్త టైరు ఎవరికుందిరా?"

"ఏమో మామా" అన్నాను.

 వెంకయ్య తాడు తీసుకుని, ఆ జాడ ఎక్కడ ఆగిందో అక్కడ కట్టాడు. గోడ నుంచి కొలిస్తే తొమ్మిది మూరలు. తెల్లవారేదాకా తవ్వాం. ఎనిమిది రాళ్ళూ లేపి, జరిపి, మళ్ళీ పాతాం. పొద్దున వెలుతురులో చూద్దామంటే ఇంకెక్కడి జాడ... మా అడుగుల కింద, తవ్విన మట్టి కింద పూడిపోయింది.

పొద్దున ఆపా వచ్చి నా చెయ్యి చూసింది. వేళ్ళ చివర్లు ఎర్రగా కమిలి ఉన్నాయి. "లాంతరు గ్లాసు పట్టుకున్నావా?" అంది. అయ్యుండొచ్చు. కంగారులో పట్టుకునే ఉంటాను. నిజంగా నాకు తెలియదు.

శుక్రవారం సాయంత్రం కామందు గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆపా పొయ్యి ముందు కూర్చుంది.  మొదటి బస్సు మెల్లగా వచ్చి ఆగింది. రెండోది ఆగింది. మూడోది మాచర్ల బస్సు, అదే పొయ్యిని పచ్చడి చేసిన బస్సు. వాలులోకి రాగానే బ్రేకు పట్టలేదు. జోరుగా దొర్లింది. క్లీనరు అరిచాడు. డ్రైవరు అరిచాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

దబ్బుమని చప్పుడు.

కళ్ళు తెరిచాను. బస్సు ఊగుతోంది. రాయి ఇంచు కదల్లేదు. ఎర్రగా కాలుతున్న డ్రమ్ము పంచకు మూరన్నర ఇవతల ఆగి ఉంది. ఆపా వెనక్కి తిరిగి చూసి, సెగకు మొహం తిప్పుకుంది. పైట సర్దుకుని, గ్లాసులో టీ పోసింది. 

నాలుగోది కూడా రాళ్ళ దగ్గరే ఆగాక కామందు గారు లేచొచ్చి డ్రమ్మును చూశారు, రాయిని చూశారు, మా ఆపాను చూశారు.

"ఎంత దూరంలో పాతావు మస్తానూ?"

"తొమ్మిది మూరలండి."

"డ్రమ్ముతో సహా లెక్క కట్టావు. గట్టివాడివే. ఈ పంచ జోలికి నేను రానులే."

"అవునండి" అన్నాను. నా జన్మలో అంత సిగ్గుపడుతూ చెప్పిన అబద్ధం ఇంకొకటి లేదు. ఆ లెక్క నాది కాదు. కానీ ఎవరిదని చెప్పను?

యుద్ధం అయిపోయింది. డ్రమ్ములు పీకి పారేశాం, ఆ రోజు షెడ్డులో అందరం చిన్నపిల్లల్లాగా గంతులు వేశాం. రాళ్ళకూ పంచకూ మధ్య అంత ఖాళీ మిగిలింది. ఆపా అక్కడ రెండు బల్లలు వేయించింది. రెంటచింతల నుంచి, నకరికల్లు నుంచి ఆసుపత్రికొచ్చే చంటిబిడ్డల తల్లులు ఆ పంచ నీడలో కూర్చునేవాళ్ళు. పెద్ద పిల్ల పెళ్ళి చేసింది. చిన్నదాన్ని టీచరు ట్రైనింగు చదివించింది. తర్వాత మాచర్లలో, గురజాలలో కూడా నాచేతనే రాళ్ళు వేయించారు. కొలిచిన ప్రతిసారీ రాత్రి ఒక్కణ్ణే కాపలా కూర్చున్నాను. ఏ చప్పుడూ రాలేదు.

నైజాంవైపు నుంచి బస్సేదైనా దారి తప్పి వచ్చిందేమోనని ఎంతమందిని అడిగానో. ఎవరూ రాలేదన్నారు. గొలుసు వేసిన గేటులోంచి ఎట్లా వస్తుంది? పోనీ డ్రమ్ము సంగతి నా మనసులోనే ఎక్కడో మెదిలి, నన్ను అట్లా లేపిందా? అయితే వెంకయ్య చూసిన టైరు జాడ ఏమిటి? చాలా ఏళ్ళ తర్వాత, ఆపా మంచాన పడ్డప్పుడు, మొదటిసారి ఆమెకు చెప్పాను. మొత్తం. కొలత తప్పిన సంగతి, జాడ సంగతి, గొంతు సంగతి. తిడుతుందనుకున్నాను.

"నిన్ను ఆపింది దెయ్యమో, అల్లా పంపిన ఫరిష్తానో, నీ బుర్రో... నాకెందుకురా" అంది. "ఆగావు గదా. ఆగావు గనకే నా పిల్లలు చేతికందొచ్చారు."

ఆమెకు అక్కడితో తేలిపోయింది. నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ మనిషి ఎవరో, ఎక్కడివాడో, అసలు మనిషో కాదో... ఏమీ తెలియదు. ఒక్కసారి ఎదురుపడి ఉంటే బాగుండేది. ఆపా చేతి టీ ఒక గ్లాసు అందించి, "ఏ ఊరు నీది అన్నా" అని అడిగి ఉండేవాణ్ణి.